పళ్ళెం పక్కన ఉంచి చూడాల్సిన వైన్

రెడ్ వైన్ అంటే చిక్కగా ఉండాలని, గ్లాసుకు అవతల ఉన్నది కనపడనంత ముదురుగా ఉండాలని చాలామంది అనుకుంటారు. ఫ్రాన్సులోని బోర్డో సీసాలు, ఆస్ట్రేలియా షిరాజ్ సీసాలు ఈ అభిప్రాయాన్ని ప్రపంచమంతా పాతాయి. మన నాసిక్ చుట్టుపక్కల తయారయ్యే షిరాజ్, కాబర్నే సావిన్యో కూడా ఆ కోవలోవే. ఆ అలవాటుతో ట్రోలింగర్ అనే జర్మన్ రెడ్ వైన్ గ్లాసు అందుకున్నవాళ్ళు, ఇందులో నీళ్ళు కలిపారేమోనని అనుమానపడతారు. దాని రంగు లేత ఎరుపు. గ్లాసు అవతల వేలు పెడితే గోరుతో సహా కనిపిస్తుంది. వగరు లేదనే చెప్పాలి. ఆల్కహాలు 11, 12 శాతం దగ్గరే ఆగిపోతుంది.

జర్మనీ నైరుతి భాగంలో వుర్టెంబర్గ్ అనే ప్రాంతం ఉంది. కార్లకు పేరుపడ్డ స్టట్‌గార్ట్ నగరం, దానికి ఉత్తరంగా హైల్‌బ్రాన్ పట్టణం, ఆ రెండింటినీ కలుపుతూ మెలికలు తిరిగే నెకర్ నది. ట్రోలింగర్ తోటలు దాదాపు అన్నీ ఈ నదినీ, దాని ఉపనదులనూ పట్టుకునే ఉన్నాయి. జర్మనీ మొత్తం మీద లక్ష హెక్టార్ల పైచిలుకు ద్రాక్షతోటలుంటే ట్రోలింగర్ వాటా 2 వేల హెక్టార్లకు అటూ ఇటూ మాత్రమే. దేశంలో చాలాచోట్ల తెల్ల వైన్‌దే రాజ్యం. వుర్టెంబర్గ్‌లో మాత్రం మూడింట రెండు వంతులు ఎర్రవే. ఇక్కడి ట్రోలింగర్ బెర్లిన్ దాకా వెళ్ళడం కూడా అరుదు. పండించిన ఊళ్ళవాళ్ళే తాగేస్తారు కాబట్టి బయటికి పోయేది తక్కువ.

వైన్ పోటీల్లో ఇలాంటి వైన్‌కు మార్కులు పడవు. వరసగా ఇరవై ముప్ఫై గ్లాసులు పెట్టి, తిండి లేకుండా గుక్కెడేసి పుక్కిలించి ఉమ్మేసే చోట, గట్టిగా అరిచే వైన్‌కే చెవి ఒగ్గుతారు. భోజనం పరిస్థితి వేరు. అక్కడ నోట్లో అప్పటికే ఉప్పు, కొవ్వు, ఉల్లి, పులుపు ఉంటాయి. వాటి మధ్య ఏ వైన్ ఇమిడిపోతుందో, ఏది అడ్డం తిరుగుతుందో తెలుసుకుంటే ట్రోలింగర్ విలువ అర్థమవుతుంది. ఈ వైన్ తేలికదనాన్ని లోపంగా లెక్కవేయడం తప్పని నా గట్టి నమ్మకం. అది ఎందుకో ద్రాక్షకాయ దగ్గర మొదలుపెట్టి చెబుతాను.

కాయ పెద్దది, తొక్క తక్కువ

ట్రోలింగర్ పుట్టిల్లు జర్మనీ కాదు. ఆల్ప్స్ పర్వతాలకు దక్షిణంగా, ఇప్పుడు ఇటలీలో భాగమైన దక్షిణ టిరోల్ నుంచి వచ్చిన రకం ఇది. అక్కడ దీన్నీ దీని దాయాదులనూ కలిపి ఇటాలియన్‌లో స్కియావా అనీ, జర్మన్‌లో ఫెర్నాచ్ అనీ అంటారు. ఇంగ్లండు వెళ్ళేసరికి ఇదే బ్లాక్ హాంబర్గ్ అయింది. లండన్ శివార్లలోని హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో 1768లో తోటల నిర్మాత కేపబిలిటీ బ్రౌన్ నాటించిన తీగ ఒకటి ఇంకా కాస్తోంది. ఒకే తీగ గాజు గదినంతా అల్లుకుని ఏటా వందల కిలోల కాయ ఇస్తుంది. అది బ్లాక్ హాంబర్గే, అంటే ట్రోలింగరే. ఆ కాయలతో వైన్ చేయరు, తినడానికి అమ్ముతారు.

తినడానికి బాగుండే ద్రాక్ష అన్నది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ట్రోలింగర్ గుత్తి పెద్దది, కాయ పెద్దది, రసం ఎక్కువ. ఈ రకాన్నీ మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా అనే రకాన్నీ సంకరం చేస్తే పుట్టినదే మస్కట్ హాంబర్గ్. దక్షిణ భారతంలో మనం పన్నీరు ద్రాక్ష అని కొనుక్కునేది అదే. తమిళనాడులోని కంబం లోయలో పండే పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి ట్రోలింగర్ రుచి మనకు పూర్తిగా పరాయిది కాదు. దాని బిడ్డను మనం చిన్నప్పటి నుంచీ తింటున్నాం.

ఇక రంగు సంగతి. నల్ల ద్రాక్షను నలిపితే వచ్చే రసం దాదాపు రంగు లేనిదే. ఎరుపు ఉండేది తొక్కలో. వగరు ఇచ్చే టానిన్లు కూడా తొక్కలో, గింజలో, కాడలో ఉంటాయి. తొక్కలతో కలిపి పులియబెడితే రంగూ వగరూ రసంలోకి దిగుతాయి. కాయ చిన్నదైతే రసంతో పోల్చినప్పుడు తొక్క ఎక్కువ, కాబట్టి వైన్ ముదురుగా వస్తుంది. కాయ పెద్దదైతే అదే కొంచెం తొక్క బోలెడు రసానికి రంగు పంచాలి. ట్రోలింగర్ లేతగా ఉండటానికి మొదటి కారణం ఇదే. దీనికితోడు తీగకు కాపు ఎక్కువ. రైతు గుత్తులు తగ్గించకుండా వదిలేస్తే రుచి ఇంకా పలచబడుతుంది.

తయారీ పద్ధతి కూడా కొంత కారణం. వుర్టెంబర్గ్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి ఏమిటంటే, నలిపిన కాయలను తొక్కలతో సహా కాసేపు వేడిచేసి, రంగు దిగగానే పిండి, ఆ రసాన్ని తెల్ల వైన్ మాదిరిగా పులియబెట్టడం. వేడికి రంగు త్వరగా వస్తుంది, పండు వాసన బాగా వస్తుంది, టానిన్ పెద్దగా దిగదు. రెండో పద్ధతి, ప్రపంచంలో ఎక్కువమంది పాటించేది, తొక్కలతోనే రోజుల తరబడి పులియబెట్టడం. ఇందులో వగరు కాస్త తగిలినా రుచికి లోతు వస్తుంది. ఇప్పటి యువ తయారీదారులు ఎక్కువగా ఈ రెండో దారిలో నడుస్తున్నారు. ఏ పద్ధతిలో చేసినా మంచి ట్రోలింగర్‌లో పుల్ల చెర్రీ, స్ట్రాబెర్రీ వాసనలు, గుటక వేశాక చివర చేదు బాదం లాంటి చిన్న చేదు తగులుతాయి. ఆ చేదు నాకు చాలా ఇష్టం. తిండితో తాగేటప్పుడు అదే నోటిని మళ్ళీ తరువాతి ముద్దకు సిద్ధం చేస్తుంది.

జర్మనీలో విపరీతంగా పండే డోర్న్‌ఫెల్డర్ అనే ముదురు రంగు ద్రాక్ష ట్రోలింగర్‌కు వరసకు మనవడు. హైల్‌బ్రాన్ పక్కనున్న వైన్స్‌బెర్గ్ ద్రాక్ష పరిశోధనా కేంద్రంలో ఆగస్ట్ హెరోల్డ్ 1955లో దాన్ని సృష్టించాడు. ఆయనే 1929లో ట్రోలింగర్‌నూ తెల్ల ద్రాక్ష రీస్లింగ్‌నూ కలిపి కెర్నర్ అనే తెల్ల రకాన్ని పుట్టించాడు. లేత రంగు తాతకు నల్లటి మనవడు, తెల్లటి బిడ్డ.

కొండవాలు, పంచుకున్న పొలం

ఈ తీగకు ఒక ఇబ్బంది ఉంది. కాయ ఆలస్యంగా పక్వానికొస్తుంది, చాలా ఏళ్ళు అక్టోబరు దాకా కోత ఉండదు. జర్మనీ లాంటి చల్లటి దేశంలో అంతకాలం ఎండ కావాలంటే దక్షిణం వైపు తిరిగిన నిటారు వాలు కావాలి. అందుకే నెకర్ ఒడ్డున హెసిగ్‌హైమ్, ముండెల్స్‌హైమ్, బెసిగ్‌హైమ్ ఊళ్ళ దగ్గర కొండలను మెట్లుమెట్లుగా కోసి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మెట్ల మీద తీగలు పెంచారు. అక్కడి నేల కింద ప్రాచీన సముద్రపు గవ్వలతో గట్టిపడ్డ సున్నపురాయి ఉంది. పగలంతా ఎండకు కాగిన గోడలు రాత్రి ఆ వేడిని తీగకు తిరిగిస్తాయి. స్టట్‌గార్ట్ నగరం నడిబొడ్డు నుంచి కూడా ఇలాంటి ద్రాక్ష వాలు కనిపిస్తుంది. నగరపాలక సంస్థకు సొంత వైన్ తయారీ కేంద్రమే ఉంది.

ఆ మెట్ల మీదికి ట్రాక్టరు ఎక్కదు. కొమ్మ కత్తిరించడం, తీగ కట్టడం, మందు కొట్టడం, కోయడం అంతా మనిషి చేతి మీద జరగాలి. గోడ ఒకచోట కూలితే కట్టించడానికి ఆ పంట మీద వచ్చే డబ్బు చాలదు. మైదానంలో యంత్రంతో చేసే సాగుకన్నా ఇక్కడ హెక్టారుకు ఎన్నో రెట్లు ఎక్కువ గంటలు పడతాయి. అంత కష్టపడి పండించిన వైన్ అమ్ముడుపోయేది మాత్రం రోజువారీ వైన్ ధరకే. ఈ లెక్క ఎలా కుదురుతుందన్నదే ట్రోలింగర్ కథలో అసలు బాధ.

పాత వుర్టెంబర్గ్‌లో తండ్రి ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచేవారు. తరం మారేకొద్దీ కమతాలు చిన్నవైపోయాయి. ఈ సంగతి మన కోస్తా రైతుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అంత చిన్న ముక్క మీద సొంతంగా వైన్ చేసి సీసాలో పోసి అమ్మడం కుదరదు. అందుకే సహకార సంఘాలు పుట్టాయి. నెకర్‌సుల్మ్ ఊళ్ళో ద్రాక్ష రైతులు 1855లోనే సంఘంగా ఏర్పడ్డారు. ఇప్పటికీ ఈ ప్రాంతపు వైన్‌లో సింహభాగం సహకార సంఘాలదే. వారమంతా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రాలూ శనివారాలూ తోటలో గడిపే కుటుంబాలు ఇక్కడ మామూలు.

పశ్చిమ జర్మనీ మొదటి రాష్ట్రపతి థియోడోర్ హాయిస్ ఈ నేల మీదివాడే. 1884లో బ్రాకెన్‌హైమ్ అనే ద్రాక్ష పట్టణంలో పుట్టాడు. 1905లో డాక్టరేటు కోసం ఆయన ఎంచుకున్న విషయం హైల్‌బ్రాన్ ద్రాక్ష సాగు, అక్కడి ద్రాక్ష రైతుల జీవితం. హైల్‌బ్రాన్‌లో ఏటా జరిగే పరుగు పందేనికి కూడా ట్రోలింగర్ మారథాన్ అనే పేరు పెట్టుకున్నారు.

చీపురు కట్టిన గుమ్మం

ట్రోలింగర్‌ను దాని సొంత వాతావరణంలో చూడాలంటే రెస్టారెంటుకు వెళ్ళకూడదు. బేజెన్‌కు వెళ్ళాలి. గుమ్మానికి చీపురు కట్టి ఉంటే ఆ రైతు ఇంట్లో వైన్ పోస్తున్నారని గుర్తు. చట్టం ప్రకారం ఏడాదిలో నాలుగు నెలలకు మించి తెరవకూడదు, 40 మందికి మించి కూర్చునే చోటు ఉండకూడదు. సొంత తోట వైనే పొయ్యాలి. వంట కూడా సాదాసీదాగా ఉండాలి. పూర్వం ముందుగదిలో మంచాలు జరిపి బల్లలు వేసేవారు. ఇప్పుడు చాలామంది గోదామునో పాత పశువుల కొట్టాన్నో బాగుచేసి వాడుతున్నారు. బల్లలు పొడుగ్గా ఉంటాయి. తెలియనివాళ్ళ పక్కన ఇరుక్కుని కూర్చోవాల్సిందే, పది నిమిషాల్లో మాట కలుస్తుంది.

వైన్ వచ్చేది సన్నకాడ గ్లాసులో కాదు. పిడి ఉన్న పొట్టి గ్లాసులో, పావు లీటరు. 11.5 శాతం ఆల్కహాలున్న పావు లీటరు వైన్‌లో దాదాపు 23 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. తేలిక వైన్ కదా అని రెండు మూడు గ్లాసులు సునాయాసంగా దిగిపోతాయి, కానీ లెక్క లెక్కే. జర్మనీలో డ్రైవింగుకు మామూలు హద్దు వెయ్యి గ్రాముల రక్తానికి అర గ్రాము. బేజెన్‌కు వెళ్ళేవాళ్ళు లోకల్ రైలెక్కి వెళ్ళడానికి ఇది మంచి కారణం.

ఏ వంటకు ఎందుకు కుదురుతుంది

వైన్, తిండి జోడీ గురించి చెప్పేటప్పుడు ఫలానాదానికి ఫలానాది అని పట్టిక ఇచ్చేస్తుంటారు. పట్టిక గుర్తుండదు. నోట్లో జరిగే పని తెలిస్తే పట్టిక అక్కర్లేదు.

పచ్చి జామపిందె కొరికినా, చిక్కటి టీ డికాక్షన్ పాలు లేకుండా తాగినా నాలుక బిగుసుకుంటుంది. అది టానిన్. లాలాజలంలోని ప్రొటీన్లను అది పట్టుకుని గడ్డకట్టిస్తుంది, అందుకే నోరు ఆరిపోయినట్టు అనిపిస్తుంది. డికాక్షన్‌లో పాలు పోస్తే ఆ వగరు తగ్గడానికి కారణం, టానిన్‌కు పట్టుకోవడానికి పాల ప్రొటీన్లు దొరకడమే. ముదురు రెడ్ వైన్‌తో కొవ్వు పట్టిన వేట మాంసం బాగుండటానికీ కారణం ఇదే. తిరగేసి చూస్తే, కొవ్వూ ప్రొటీనూ అంతగా లేని కూరగాయల వంటతో, పలచటి చారుతో అలాంటి వైన్ తాగితే వగరంతా మన నాలుక మీదే పడుతుంది. పుట్టగొడుగులు, బాగా మరిగిన మాంసం రసం ఇచ్చే గాఢమైన కమ్మదనం టానిన్‌ను ఇంకా కటువుగా, చేదుగా చూపిస్తుంది. ఉప్పు మాత్రం చేదును కొంత అణుస్తుంది.

ఇప్పుడు వుర్టెంబర్గ్ ఇళ్ళలో వండేవి చూడండి. మౌల్టాషెన్ అని ఒక వంటకం ఉంది. పలచటి గోధుమ, గుడ్ల పిండి రేకులో ఖీమా, పాలకూర, ఉల్లి, నానబెట్టిన రొట్టె, పార్‌స్లీ ఆకు, జాజికాయ పొడి కలిపిన ముద్ద పెట్టి మడిచి, మాంసం ఉడికించిన పలచటి చారులో వేసి వడ్డిస్తారు. ఉపవాసపు రోజుల్లో మాంసం కనపడకుండా దాచడానికి మౌల్‌బ్రాన్ మఠంలోని సాధువులు కనిపెట్టారని అక్కడి జనం చెప్పుకునే కథ. యూరోపియన్ యూనియన్ 2009లో దీనికి భౌగోళిక రక్షణ ఇచ్చింది. పక్కన ఉడికించిన బంగాళాదుంప సలాడ్ ఉంటుంది. మయొనైజ్ వేయరు. వేడి మాంసం రసం, వినెగర్, నూనె, ఆవ పేస్టు పోసి, జారుగా కలుపుతారు. ఒక పళ్ళెంలోనే కమ్మటి చారు, ఆకుకూర, జాజికాయ వాసన, వినెగర్ పులుపు. ముదురు కాబర్నే ఇక్కడ చెడగొడుతుంది. ట్రోలింగర్‌లో వగరు లేదు కాబట్టి చారు దాన్ని చేదు చేయలేదు. పండు రుచి ఖీమాకు తోడొస్తుంది, లోపలి పులుపు సలాడ్ పులుపుకు దీటుగా నిలుస్తుంది. చివర్లో తగిలే చేదు బాదం జాజికాయ దగ్గరకు వెళ్ళి కలుస్తుంది. ఈ వైన్‌కు ఇంతకన్నా మంచి జోడీ నాకు తెలియదు.

మన తెలుగువాళ్ళకు ఇంకా ఆసక్తి కలిగించేది పప్పు వంటకం. ఆ ప్రాంతంలో మసూర్ జాతి పప్పుగింజలను కూరగాయలతో ఉడికించి, దించేముందు వినెగర్ పోసి పుల్లగా చేస్తారు. ష్పెట్స్‌లె అనే, పిండిని మరిగే నీళ్ళలోకి గీసి ఉడికించిన ముక్కలతో, సన్నటి సాసేజ్‌తో పాటు వడ్డిస్తారు. ఈ పప్పు పండించే స్వాబియన్ ఆల్ప్ పీఠభూమిలో ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి సాగు ఆగిపోయి, పాత విత్తనాలు అంతరించాయి అనుకున్నారు. 2006లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ వావిలోవ్ విత్తన భాండాగారంలో అవి దొరికాయి. కొన్ని గింజలతో మొదలుపెట్టి రైతులు మళ్ళీ పొలాలకు తెచ్చారు. ఈ పుల్లటి పప్పుతో ట్రోలింగర్ పొసగుతుంది, ఒక షరతు మీద. తిండిలో పులుపు వైన్‌లో పులుపును దాటకూడదు, దాటితే వైన్ చప్పగా, నీళ్ళలా తోస్తుంది. అందుకే పప్పులో వినెగర్ గట్టిగా పడే ఇళ్ళలో కొంచెం తీపి మిగిల్చిన ట్రోలింగర్ తాగుతారు. పాతకాలపు అర్ధతీపి ట్రోలింగర్‌ను చులకన చేసేవాళ్ళు ఈ పప్పుతో పాటు ఒక్కసారి తాగి చూస్తే మాట మార్చుకుంటారు.

సాయంత్రం పూట చల్లటి పలహారమూ ఇక్కడ పెద్ద అలవాటే: రొట్టె, పొగబెట్టిన మాంసం, కాలేయం సాసేజ్, జున్ను, దోసకాయ ఊరగాయ. సాసేజ్‌ను సన్నగా తరిగి ఉల్లి, వినెగర్, నూనెతో కలిపే సలాడ్ కూడా ఉంటుంది. ఉప్పు, కొవ్వు, పులుపు మూడూ ఉన్న ఈ తిండికి చల్లటి లేత వైన్ నోరు కడిగినట్టుంటుంది. దక్షిణ టిరోల్‌లో పొగబెట్టి ఆరబెట్టిన పంది మాంసంతో దీని చుట్టాలైన వైన్లను తాగడానికీ కారణం ఇదే. జున్ను కరిగించి, వేయించిన ఉల్లి చల్లిన ష్పెట్స్‌లెతో కూడా ఇది చక్కగా పోతుంది. వేయించిన ఉల్లిగడ్డ కప్పిన గొడ్డు మాంసం ముక్క దగ్గరకొస్తే మాత్రం ట్రోలింగర్ తేలిపోతుంది. అక్కడివాళ్ళు అందుకు లెంబర్గర్ అనే ఇంకాస్త కండగల స్థానిక వైన్‌నో, రెండూ కలిపిన వైన్‌నో అడుగుతారు. ఆ కలయిక వుర్టెంబర్గ్‌లో ఎంతో ప్రసిద్ధం.

చేప సంగతి. రెడ్ వైన్‌తో చేప తింటే కొన్నిసార్లు నీచు పెరుగుతుంది. అందులో ప్రధాన పాత్ర వైన్‌లోని ఇనుముదని జపాన్ పరిశోధకులు తేల్చారు. ఇనుము మోతాదు ఒక్కో వైన్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ట్రోలింగర్ చేపకు పూర్తి భరోసా అని చెప్పలేం. వగరు గొడవ లేదు గనుక వెన్నలో వేయించిన ట్రౌట్ లాంటి నదిచేపతో ఇది చాలా రెడ్ వైన్లకంటే నయం.

కారం దగ్గర

స్టట్‌గార్ట్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ ఉద్యోగాల్లో, చదువుల్లో ఉన్న తెలుగువాళ్ళు తక్కువేం కాదు. మన కూరతో ఏ వైన్ అన్న ప్రశ్న వాళ్ళ ఇళ్ళలో సహజంగానే వస్తుంది. దీనికి శాస్త్రం సూటి జవాబిస్తుంది. నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్నే మిరపలోని క్యాప్సైసిన్ తట్టి లేపుతుంది. ఆ గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాలు తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దాకా దిగిపోతుందని 2002లో వచ్చిన పరిశోధన చూపించింది. మన ఒంటి వేడే 37 కనుక మంట దానంతటదే రాజుకుంటుంది. ఆల్కహాలు ఎంత ఎక్కువైతే కారం అంత రెచ్చిపోతుంది, టానిన్ దానికి తోడైతే నోరు గీరుకుపోయినట్టు ఉంటుంది. ఈ రెండూ తక్కువగా ఉండి, చల్లగా తాగగలిగే రెడ్ వైన్ కాబట్టి, మిగతా ఎర్రవాటితో పోలిస్తే ట్రోలింగర్ మన వంటకు తక్కువ హాని చేస్తుంది.

అయినా హద్దులున్నాయి. గోంగూర, చింతపండు పులుసు, ఆవకాయ: వీటి పులుపు ముందు ఈ వైన్ నిలవదు, ఇంకే వైనైనా కష్టమే. వాటితో మజ్జిగే సరి. మిరియాలతో వేయించిన కోడి, నెయ్యి వేసిన ముద్దపప్పు, కారం తగ్గించి ఉల్లి బాగా వేయించి చేసిన ఖీమా, కాల్చిన వంకాయ: వీటితో కాస్త తీపి మిగిలిన ట్రోలింగర్ బాగానే పోతుంది. ఖీమా, ఉల్లి, మసాలా వాసన మౌల్టాషెన్ ముద్దకు మరీ దూరం కాదు.

చల్లగా, త్వరగా

రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలన్న మాట ఇక్కడ చెల్లదు. ట్రోలింగర్‌కు 12 నుంచి 14 డిగ్రీలు సరిపోతాయి. చల్లదనం టానిన్‌ను కటువు చేస్తుంది, ముదురు వైన్లను చల్లబరచకపోవడానికి కారణం అది. టానిన్ అంతగా లేనిదానికి ఆ భయం లేదు. పైగా చల్లగా ఉంటే పండు రుచి తేటగా తెలుస్తుంది, ఆల్కహాలు ముక్కుకు తగలదు. ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి, పోసేముందు ఐదు పది నిమిషాలు బయట ఉంచితే చాలు. దాచుకోవాల్సిన వైన్ కూడా కాదు. రెండు మూడేళ్ళలో తాగేయాలి.

సీసా మీద ట్రాకెన్ అని ఉంటే తీపి లేనిది. లీటరుకు చక్కెర 4 గ్రాములు, లేదా వైన్‌లో పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకూ ఈ పేరు పెట్టవచ్చు. హాల్బ్‌ట్రాకెన్ అంటే అర్ధతీపి, 18 గ్రాముల దాకా ఉండొచ్చు. షిల్లర్‌వైన్ అని కనిపిస్తే ఎర్ర, తెల్ల ద్రాక్షలను కలిపి పిండి పులియబెట్టిన ఈ ప్రాంతపు ప్రత్యేక లేత గులాబీ వైన్.

తోటల విస్తీర్ణం ఏటికేడు తగ్గుతోంది. పాత తరం తాగినంత కొత్త తరం తాగడం లేదు, మెట్ల పొలాల్లో గోడలు నిలబెట్టే చేతులూ తగ్గాయి. కొన్ని వాలులు ఇప్పటికే ముళ్ళపొదలయ్యాయి. దీనికి ఎదురీదుతున్నవాళ్ళూ ఉన్నారు. ముదురు తీగల గుత్తులు సగానికి తగ్గించి, తొక్కలతో మెల్లగా పులియబెట్టి, సీసా వెల పెంచి అమ్ముతున్నారు. తేలికదనాన్ని దాచే ప్రయత్నం చేయకుండా, దాన్నే ముందుకు తెచ్చి చూపిస్తున్నారు. బరువు వైన్లతో విసిగిన పెద్ద నగరాల రెస్టారెంట్లు ఇలాంటి చల్లటి లేత ఎరుపు కోసం వెతుకుతున్న కాలం కనుక వాళ్ళ లెక్క తప్పదని నా ఆశ. వాలు మీద పెట్టే గంటలకు సరిపడా ధర సీసాకు పలికితేనే ఆ గోడలు నిలుస్తాయి.

మన దేశంలో ఈ వైన్ వెతికినా దొరకదనే అనుకోవాలి. యూరప్ వెళ్ళినవాళ్ళకు జర్మనీ దారిలో లేకపోతే ఇటలీలోని దక్షిణ టిరోల్ నుంచి వచ్చే సాంక్ట్ మాగ్డలేనర్, కాల్టరర్ సరస్సు వైన్లు దగ్గరి చుట్టాలు. జర్మనీలోనే ఉంటే చలికాలంలో నెకర్ ఒడ్డు ఊరికి వెళ్ళి, చీపురు కట్టిన గుమ్మం వెతుక్కోండి. తీపి లేని ట్రోలింగర్ పావు లీటరు, చారులో మౌల్టాషెన్, బంగాళాదుంప సలాడ్ చెప్పండి. వైన్‌ను ముందు ఒట్టిగా ఒక గుక్క తాగండి, తరువాత చారు రెండు చెంచాలు తాగి మళ్ళీ అదే గ్లాసు అందుకోండి.